అడుగు రంగు

“అడుగున నీలం కాదు బాబూ,” అంది ఆయమ్మ గుమ్మంలో నిలబడి. “బూడిద రంగు. తడిసి ఆరిన బూడిదలా ఉండాలి.”

అతను కుంచె పట్టుకునే తలెత్తాడు. కళ్ళద్దాల షాపుకి సెలవైన రోజున ఇలా బల్ల ముందు కూర్చుని యుద్ధవిమానాల బొమ్మలు చెయ్యడం అతనికి చిన్నప్పటి పిచ్చి. పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ముక్కల్ని కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, జిగురుతో అతికించి రంగులేస్తాడు. అల్మారా నిండా అవే. ఈసారి చేస్తున్నది మాత్రం తండ్రి కోసం. పెద్దాయన పడుచువయసులో, యుద్ధంలో నడిపిన విమానం ఈ రకమే.

కిట్‌తో వచ్చిన కాగితంలో నీలమనే ఉందన్నాడు. ఆయమ్మ ఆ కాగితం వంక చూడనైనా లేదు. ఎడమ రెక్క కింద కొత్త రేకు అతుకు ఉండేదనీ, దానికి రంగు వెయ్యలేదనీ, ఎండ పడితే తళుక్కుమనేదనీ చెప్పింది. తుపాకీ గొట్టాల వెనక మసి చారలుండేవట. మరి పైన ఏ రంగులని అడిగాడు.

“పైన సంగతి నాకు తెలీదు. మీ ఇష్టం,” అని, మందు వేళయిందంటూ పెద్దాయన గదిలోకి వెళ్ళిపోయింది.

చాదస్తం అనుకుని నవ్వుకున్నాడు గానీ మనసు ఊరుకోలేదు. తండ్రి యుద్ధకాలపు ఫొటో ఒక్కటే ఉంది. అదెప్పుడూ బీరువాలో తాళం కిందే ఉంటుంది. బయటికి తీసి భూతద్దం పెట్టి చూశాడు. కుర్రవాడిగా ఉన్న తండ్రి భుజం వెనక, రెక్క కింద గోరంత మేర తెల్లగా ఏదో మెరుస్తోంది. ఇన్నేళ్ళూ దాన్ని ఫొటో మీది మరకే అనుకున్నాడు.

నాన్నే చెప్పి ఉండాలి.

పక్షవాతంతో పెద్దాయనకి కుడివైపు చచ్చుబడి, మాట పడిపోయింది. ఎప్పటికైనా ఒకటీ అరా మాటలు రావచ్చని డాక్టరు అన్నాడు. వచ్చిన ఆ మాటలేవో కొడుకుతో కాక ఆయమ్మతోనా? అతనికి చివుక్కుమంది. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా తండ్రి యుద్ధం ఊసెత్తి ఎరగడు. పిల్లవాడిగా తను విమానం బొమ్మ ముందేసుకుంటే చాలు, మాట్లాడకుండా లేచి వేరే గదిలోకి వెళ్ళిపోయేవాడు.

ఆయమ్మని మాత్రం అనడానికేముంది? ఆవిడకి ముందొచ్చిన ఇద్దరూ పెద్దాయన కోపానికి జడిసి చెప్పాపెట్టకుండా మానేశారు. ఆయన చెంచా కొరికేసేవాడు, గిన్నె విసిరికొట్టేవాడు. అరవై దాటిన ఈ మనిషి వచ్చాక పసిపిల్లవాడిలా నోరు తెరుస్తున్నాడు. ఆవిడ గదిలో ఉన్నంతసేపూ చూపు తిప్పడు. తనవాళ్ళంటూ ఎవరూ లేరట, సెలవు కూడా అడగదు. ఇలాంటి మనిషి దొరకడం మన అదృష్టం అంటుంది అతని భార్య. ఆ భార్య ఇప్పుడు కూతురి పురిటికని పొరుగూరు వెళ్ళి, నువ్వూ రావేమని రోజూ ఫోను చేస్తోంది. తండ్రిని వదిలి వెళ్ళడానికే అతనికి కాళ్ళు రావడం లేదు.

సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాడు. “నాన్న మీతో మాట్లాడుతున్నాడా?”

ఆయమ్మ దుప్పటి మడత పెడుతూనే అంది. “మీ నాన్నగారికీ నాకూ మాటలక్కర్లేదు బాబూ.”

అతను అడుగున బూడిద రంగే వేశాడు. అతుకు దగ్గర వెండి రంగు అద్దాడు, మసి చారలు దిద్దాడు. ఆరాక తెచ్చి చూపిస్తే, ఆయమ్మ దాన్ని తలకంటే పైకెత్తి చాలాసేపు అలాగే చూసింది. ఇదేనంది. అల్మారాలో పెడితే ఆయనకి కనబడదని, మంచం పైన దారంతో వేలాడదియ్యమంది. అతను స్టూలెక్కి కట్టాడు.

“ఇంకాస్త కిందికి. ముక్కు దిండు వైపు తిప్పండి.”

విమానం సరిగ్గా పెద్దాయన ముఖం మీదికి దూకుతున్నట్టు ఆగింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాలేదు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఎడంచెయ్యి గాలిలో తడుముకుని కొడుకు చొక్కా పట్టుకుంది. జన్మలో ఎప్పుడూ తండ్రి తనని అలా పట్టుకోలేదు. అతనికీ కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకి ఆయనకి నచ్చే పని ఒక్కటి చేశాననుకున్నాడు. మనసు కుదుటపడి, మర్నాటి రైలుకి టిక్కెట్టు తీశాడు.

బయల్దేరేటప్పుడు పెద్దాయన మళ్ళీ అలాగే చొక్కా పట్టుకుని వదల్లేదు. మునిమనవడు పుట్టగానే వచ్చేస్తానని బుజ్జగిస్తూ, వేళ్ళు ఒక్కొక్కటే విడదియ్యాల్సొచ్చింది. విడిపించిన ఆ చేతిని ఆయమ్మ తన చేతిలోకి తీసుకుంది.

“మీరు నిశ్చింతగా వెళ్ళండి బాబూ. నేను చూసుకుంటాగా.”

రైలు ఊరు దాటాక ఇంటికి ఫోను చేశాడు. పెద్దాయన మెలకువగానే ఉన్నాడనీ, విమానం వంకే చూస్తున్నాడనీ చెప్పింది ఆయమ్మ. నాన్న తనకి ఒక్క ముక్కా చెప్పలేదని, మీకు చెప్పినవి తిరిగొచ్చాక నాకూ చెప్పాలని బతిమాలినట్టే అడిగాడు.

అవతల తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

“ఆయన నాకేమీ చెప్పలేదు బాబూ,” అంది ఆయమ్మ.

“మరి ఆ రంగూ, ఆ అతుకూ మీకెలా తెలుసు?”

“అది మా బడి మీదికి దూకిన రోజు, కింద నేనున్నాను.”