చిల్లుల్లేని ఆకు

"ఈరోజు నాన్న మడి నేను చూసేశాను. నువ్వు నాది చూడు, చాలు," అంటూ తల్లి సబ్బునీళ్ల మగ్గు కూతురి చేతికిచ్చింది.

కూతురు క్యాబేజీ మొక్కల పక్కన కూర్చుంది. ఏ ఆకు తిరగేసినా అడుగున పచ్చటి గొంగళిపురుగులే. ఏరి సబ్బునీళ్లలో వేస్తూ పోయింది. పురుగులమందు గుమ్మం తొక్కకూడదని తండ్రి ఆజ్ఞ. తన కూరలో చిల్లుల ఆకు కనపడకూడదన్నది ఇంకో ఆజ్ఞ. ఆ మహానుభావుడు ఏనాడూ ఒక్క పురుగును ఏరిన పాపాన పోలేదు.

అందుకే పెరట్లో రెండు మడులు. తల్లి రోజూ ముందు ఆయన మడి శుభ్రం చేసేది. తన మడి దగ్గరకొచ్చేసరికి పనికి వేళయ్యేది. ఆమె ఆకులు జల్లెడలయ్యేవి. "మీ నాన్నంటే పురుగులకీ భయమేనే," అని నవ్వేది.

ఈరోజు నవ్వలేదు. ఇన్నేళ్లూ ఆమెను కొట్టి సరిపెట్టుకున్న మనిషి, నిన్న కూతురి మీద చెయ్యి చేసుకున్నాడు. ఆ చెంప ఇంకా వాచే ఉంది.

ఎప్పటిలాగే ఏ మడి ఆకు ఆ గిన్నెలో, విడివిడిగా కూర అయింది. రెండు స్టీలు డబ్బాలు సర్దింది తల్లి. డిపోకి వెళ్లే తండ్రిది నీలం మూత. కుట్టుపనికి వెళ్లే తనది ఎర్ర మూత. "నాన్న కూర ముట్టుకోకు," అని చెప్పి చీర మార్చుకోవడానికి గదిలోకి వెళ్లింది.

కూతురు రెండు డబ్బాలూ దగ్గరికి లాక్కుంది. కొట్టేవాడికి నవనవలాడే ఆకు, దెబ్బలు తినేదానికి పురుగు కొరికిన ఆకు. ఈ ఒక్కపూటైనా అమ్మ మంచి కూర తినాలి. గబగబా మూతలు మార్చేసింది.

తల్లి ఎర్రమూత డబ్బా సంచిలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కూతురి చెంప నిమిరింది.

"ఇంక నీ మీద ఎవరూ చెయ్యెత్తరు తల్లీ."

సాయంత్రం తండ్రి వస్తూనే, చిల్లుల ఆకు పెట్టారని డబ్బా గోడకేసి కొట్టాడు. తల్లి ఇంకా రాలేదు. ఆయన కంటపడకుండా కూతురు పెరట్లోకి జారుకుంది. అమ్మకు రేపటి పని కాస్త తగ్గించాలని, నాన్న మడి దగ్గర కూర్చుంది.

ఆకు తిరగేస్తే, గొంగళిపురుగులన్నీ చచ్చి రాలి ఉన్నాయి, వాటి కింద మట్టిలో సగం పూడ్చిన ఖాళీ పురుగులమందు సీసా ఉంది.