క్రాకోవ్ వెళ్ళేవారికి

నా భార్య లూసీ చనిపోయిన ఏడాదికి, 1979లో, ఇద్దరం కలిసి చూడాలనుకున్న పోలండ్ నగరం క్రాకోవ్‌కి ఒంటరిగా బయల్దేరాను. వెనక్కి తిరిగిపోదామని దారంతా అనిపిస్తూనే ఉంది.

అమెరికాలో మేముండే జెర్సీ సిటీ నుంచి నన్ను ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తూ, చర్చి స్నేహితుడు దైవాశీర్వాదం సలహాలు ఆపలేదు.

"సబ్బు పెట్టుకున్నావా బావా? అక్కడ దొరకదు. సింక్‌కి రబ్బరు మూత?"

"పెట్టాను."

"గంటగంటకీ చర్చి గోపురం మీంచి బూర ఊదుతారు. పాట మధ్యలో ఆపేస్తారు. మిగతాదాని కోసం నిలబడిపోకు."

"నువ్వెప్పుడు వెళ్ళావు?"

"లైబ్రరీలో చదివాను."

టెర్మినల్ దగ్గర దించుతాడనుకున్నాను. కారుని రోజుల తరబడి వదిలి వెళ్ళే లాంగ్‌టర్మ్ పార్కింగ్‌లో పెట్టి, డిక్కీలోంచి నా సూట్‌కేసుతో పాటు తనదీ దించాడు.

"ఆస్పత్రిలో చెల్లెమ్మ నా దగ్గర మాట తీసుకుంది," అన్నాడు. "నీకు మ్యాపు చూడటం రాదంట."