అక్రోటు గుట్ట దారులు

ఉడుతల గుట్ట చాలా చిన్నది. అక్కడ పండేవి అక్రోటు కాయలు మాత్రమే. ఒకప్పుడది ఎలుగుబంటి అడవిలో భాగం కాబట్టి, దారులన్నీ అతని గుహకే పోయేవి. విడిపోయాక కూడా ఉడుతలు కాయలు అక్కడికే మోసుకెళ్లి, బదులుగా గూళ్లకు ఎండుగడ్డి తెచ్చుకునేవి.

ఒక ఏడు ఎలుగుబంటి మూతి ముడిచాడు. "మీ కాయల్లో పురుగులున్నాయి. తీసుకుపొండి."

"నిజంగా ఉన్నాయా అమ్మా?" అని బెంగగా అడిగింది పిల్ల ఉడుత.

ఉడుతమ్మ ఒక కాయ కొరికి చూపించింది. "లేవు తల్లీ. నిన్న వాగవతలి కొంగతో మాట్లాడాం కదా, ఎలుగు మామకు కనబడిన పురుగు అదే."

ఉడుతలు వాగువైపు కొత్త దారి వేసుకున్నాయి. కొంగకు ఒలిచిన పప్పే కావాలి. పళ్లు నొప్పిపుట్టినా ఒలవడం నేర్చుకున్నాయి. గూళ్లకు కొంగ మెత్తటి ఈకలిచ్చింది.

మరుసటి ఏడు మంచు పడేముందు ఎలుగుబంటి రొప్పుతూ గుట్టెక్కాడు.

"పోయిన చలికాలమంతా ఆకలికి నిద్రే పట్టలేదమ్మా. వద్దామంటే దారిని గడ్డి మూసేసింది, తప్పిపోయాను. ఇన్నేళ్లూ మీరే వచ్చేవాళ్లు కదా, నాకేం తెలుసు?"

ఉడుతమ్మ అతని దోసిలి నిండా పప్పు పోసింది. "కూర్చో మామా. పురుగులుంటే చెప్పు."

మామ తల వంచుకుని తిన్నాడు. వెళ్లేటప్పుడు, మళ్లీ వచ్చేందుకు వీలుగా, అడ్డమొచ్చిన కొమ్మలన్నీ విరుచుకుంటూ వెళ్లాడు.