కీపర్

ఆ శుక్రవారం పొద్దున ఒమాన్‌లోని సీబ్ పట్నం మీద ఆకాశం దుమ్ము లేచి మట్టిరంగులో ఉంది. తమ్ముడి రూమ్‌కు వచ్చిన పెంచలమ్మ చెప్పులైనా విప్పకుండా గొంతెత్తింది.

"విన్నావారా? కాలేజీ ఫుట్‌బాల్ టీములో మన నాగవేణిని కీపర్ చేసినారంట!"

రామాంజనేయులు పొయ్యి మీది పప్పు మరిచిపోయాడు. ఈసారి ఊర్లో చదివే అక్క కూతురు గోల్స్ కొడుతుందనీ, కప్పు తమదేననీ తను పనిచేసే బిల్డింగ్ సైట్లో అందరికీ చెప్పుకున్నాడు.

"గోల్స్ కొట్టే పిల్లను కీపర్ చేసేదేంది? ఈ తూరి గూడా కప్పు పాయె!"

"కప్పు తీసుకోని నీ నెత్తిన కొట్ట! మా మేడమ్ నన్ను హౌస్‌కీపర్ అంటాది. ఒమాన్ వచ్చి నేను కసువు ఊడ్చేది చాలదని, దాంతో గ్రౌండు ఊడిపిస్తారా?"

అంత కోపంలోనూ అతనికి నవ్వొచ్చింది. "ఊడ్చేది కాదక్కా. గోలు కాడ నిలబడి, వచ్చే బంతిని ఆపేది."

"ఆపితే మెచ్చుకుంటారా?"

"ఆపడం దాని డ్యూటీ. మెచ్చుకునేది గోలు కొట్టినోళ్లను."

"ఒకటి జారిపోతే?"

రామాంజనేయులు గరిటె కోసం వెతికాడు. పోయినేడు ఫైనల్లో బంతి వదిలేసిన కీపర్ పిల్లను, ఇదే రూమ్‌లో ఫోన్ చూస్తూ, అక్క ముందే తిట్టరాని తిట్లు తిట్టాడు.

"నా చేతిలో గ్లాసు జారిన పొద్దు మేడమ్ గూడా అట్లే తిట్టింది" అంది పెంచలమ్మ. "నేను తప్పుగా ఏం అనుకోలేదురా. జారకుండా చూసుకునేది నా పనే."

అతను పప్పు దించాడు. మాడనిది అక్క కంచంలో వేసి, మాడింది తను వేసుకున్నాడు.