నిమ్మకాయలు పెట్టకముందే

టైమింగ్ చైన్ తెగి పాడైన ఆ పాత కారు ఇంజిన్‌ని తిరువూరు మెకానిక్కులందరూ తుక్కు కింద అమ్ముకోమన్నారు. మా అమ్మాయి నీహారిక ఒక్కతే బాగుచేస్తానని కారుని తన షెడ్డుకి తెచ్చుకుంది. వంగిపోయిన వాల్వులు మార్చి, కొత్త చైన్ బిగించింది.

"చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేదాకా తాళం తిప్పకు తల్లీ, ఏ కీడు పొంచి ఉందో" అని మరీ మరీ చెప్పాను.

చీకటి పడ్డాక నిమ్మకాయలు పట్టుకుని వెళ్లేసరికి షెడ్డులో ఇంజిన్ తిరుగుతోంది. ఎక్కడా టకటకమనడం లేదు. నా బిడ్డ చేతి పని! గర్వంతో కళ్లు చెమర్చాయి.

"కాసేపు ఆగలేకపోయావుటే?" అని కేకేశాను.

వెనకాల స్కూటీ ఆగింది. దాని మీద నీహారిక. కాళ్ల దగ్గర కారు బ్యాటరీ.

"దీనికి ఛార్జింగ్ పెట్టించి తెస్తున్నానమ్మా. నువ్వు రాకుండా తిప్పుతానా?" అంటూ దిగి, శబ్దం విని నిలబడిపోయింది.

"బ్యాటరీ లేకుండా ఎలా నడుస్తోందే?" అన్నాను.

నీహారిక నా చెయ్యి పట్టుకుంది. దాని గుప్పిట్లో కారు తాళం నా వేళ్లకు తగిలింది.

"ఎంత సాఫీగా ఉందో విన్నావా అమ్మా" అంది, నా చెయ్యి వదలకుండా.

అంతలో ఎవరో కట్టేసినట్టు ఇంజిన్ ఆగింది. కారు తలుపు తెరుచుకుంది. నీహారికను నా వెనక్కి లాక్కున్నాను.