రెండో గుంపు

కోర్టు వరండాలో కూర్చుని టైలరమ్మ ఒక నల్లకోటుకి బొత్తాం కుడుతోంది.

కోటు ఆమెది కాదు. పక్కన కూర్చున్న అమ్మాయిది. ఊడి వేలాడుతున్న బొత్తాన్ని చూసి ఊరుకోలేక, సంచిలోంచి సూదీ దారం తీసింది.

"వద్దాంటీ, పర్లేదు."

"జడ్జిగారి ముందు ఇలాగే నిలబడతావా? నీ మాట వినేలోపే కళ్ళు ఈ బొత్తాం మీదికి పోతాయి."

టైలరమ్మ మా ఎదురింటి కింది గదిలో అద్దెకుంటుంది. ఉండేదీ అక్కడే, కుట్టేదీ అక్కడే. చూపులేని అత్తగారు ఆ గది గోడలు తడుముకుంటూ తన పనులు తనే చేసుకుంటుంది.

ఇల్లుగలాయన ఖాళీ చేయమని కేసు వేశాడు. ఈ రోజు తేలిపోతుంది.

మా ఆవిడ మంచాన పడ్డప్పుడు, చేయి పైకెత్తలేకపోతోందని గమనించి, ముందువైపు తెరుచుకునే చొక్కాలు కుట్టి తెచ్చింది టైలరమ్మ. ఎవరూ అడగలేదు. అందుకే తోడు వచ్చాను. తోడు రావడం తప్ప నాకు కోర్టు సంగతులేవీ తెలియవు.

"నువ్వు లాయరువేనా అమ్మా?" అడిగాను అమ్మాయిని.

"అవునంకుల్. యూనివర్సిటీలో, లా డిపార్ట్‌మెంట్‌లో పరిశోధన చేస్తున్నాను."

ఉచితంగా లాయర్ని ఇప్పించమని టైలరమ్మ అర్జీ పెట్టుకున్నది ఆ డిపార్ట్‌మెంట్‌కే. అక్కడి కంప్యూటరు చీటీలు తీసినట్టుగా అర్జీలన్నిటినీ రెండు గుంపులు చేసింది. మొదటి గుంపుకి లాయరు. రెండో గుంపుకి హక్కుల గురించిన ఒక పుస్తకం.

టైలరమ్మకి పుస్తకం వచ్చింది.

"మరి నీకీ కోటెందుకు?" అన్నాను.

"పక్క హాల్లో ఇంకో కేసుంది. వాళ్ళు మొదటి గుంపు, వాళ్ళకి నేనే లాయర్ని." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఆంటీ కేసులో మాత్రం చూసి రాసుకోవాలంతే. నోరు విప్పకూడదు."

"సూది నా చేతిలో ఉంటే, నీ నోరెవరు కుట్టేశారు తల్లీ?" టైలరమ్మ నవ్వి, దారాన్ని పంటితో తెంపింది.

నాకు నవ్వు రాలేదు.

"అందరికీ లాయర్ని ఇస్తే మీ సొమ్మేం పోయింది?"

"అంతమంది లాయర్లు లేరంకుల్. అదీగాక, అందరికీ ఇచ్చేస్తే, లాయరుంటే మేలని రుజువు చేయడమెలా? రుజువు చూపిస్తేనే చట్టం మారుస్తారు. మా ప్రొఫెసర్ గారు ఇదంతా బీదవాళ్ళ కోసమే చేస్తున్నారు."

"నిప్పు కాలుతుందని రుజువు చేయడానికి సగం మందిని అందులోకి తోస్తారా?"

"నెమ్మది అన్నయ్యగారూ," అంది టైలరమ్మ. "చిన్నపిల్ల. తనేం చేస్తుంది?"

అమ్మాయి తల వంచుకుని కోటు అందుకుంది.

లోపల్నుంచి పిలుపు వచ్చింది. టైలరమ్మ కంగారు చూసి బంట్రోతు ఎక్కడ నిలబడాలో చేత్తో చూపించాడు. వెళ్తూ వెళ్తూ ఫ్యాను ఆమె వైపు తిప్పి వెళ్ళాడు.

ఇల్లుగలాయన లాయరు నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. "గేటుకి నోటీసు అంటించాం. గడువు దాటింది. గది మాకు కావాలి."

జడ్జిగారు తలెత్తారు. "మీ తరఫున ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఎవరూ లేరండీ. నేనే."

వెనక బెంచీలో, నా పక్కన, అమ్మాయి ఆ మాట రాసుకుంది.

"నోటీసు మీకు అందిందా?"

ఆ నోటీసు సంగతి నాకు తెలుసు. వానకి తడిసి, సగం చిరిగి వేలాడుతుంటే, గేటు చూడ్డానికి బాగాలేదని టైలరమ్మే పీకేసింది. ఆమె చేతికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

"అందిందండీ," అంది.

పెద్దాయన అంత మర్యాదగా అడిగితే లేదనడం బాగోదనుకున్నట్టుంది.

నా పక్కన కలం ఆగిపోయింది.

అమ్మాయి ముందుకు వంగింది. నోరు తెరిచింది. ఒళ్ళో కోటుని పిడికిళ్ళతో నలిపి, మళ్ళీ వెనక్కి వాలింది.

జడ్జిగారు రాసేశారు. సోమవారానికల్లా గది ఖాళీ చేయాలి.

వరండాలోకి రాగానే అమ్మాయి ఏడ్చేసింది.

"చేతికిచ్చే ప్రయత్నమే చేయకుండా గేటుకి అంటించేస్తే ఆ నోటీసు చెల్లదాంటీ. మీరు 'నాకు ఇవ్వలేదండీ' అనుంటే కేసు కొట్టేసేవారు. వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి రావాల్సి వచ్చేది."

"లోపల నీకిది తెలుసు," అన్నాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. అటువైపు నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూశారు. "తెలిసీ రాసుకుంటూ కూర్చున్నావు. ఆవిడ వీధిన పడితేగానీ మీ లెక్క తేలదా?"

"నేను మాట్లాడితే ఈ కేసుని పరిశోధనలోంచి తీసేస్తారంకుల్. నన్ను కూడా."

"తీసేయనీ! గది మిగిలేది!"

టైలరమ్మ మా ఇద్దరి మధ్యకి వచ్చింది. అరచేత్తో అమ్మాయి చెంపలు తుడిచింది.

"ఇంకేమైనా అడగాలా తల్లీ? ఇంట్లో అత్తయ్య ఒక్కతే ఉంది. ఆవిడకి ఈ మాట ఎలా చెప్పాలో చూసుకోవాలి."

అమ్మాయి సంచిలోంచి పరిశోధన ప్రశ్నల కాగితం తీసి చదివింది.

"ఈ రోజు కోర్టులో మీకు ఎంతవరకు న్యాయం జరిగిందనుకుంటున్నారు? ఒకటి అంటే అసలు జరగలేదని. ఐదు అంటే పూర్తిగా జరిగిందని."

"ఒకటి కూడా ఎక్కువే," అన్నాను. "సున్నా వేసుకో."

"సున్నా లేదంకుల్."

టైలరమ్మ ఆ పిల్ల ఎర్రబడ్డ కళ్ళకేసి చూసింది.

"తక్కువ చెబితే నిన్నేమైనా అంటారా?"

"అనరాంటీ. మీకు అనిపించిందే చెప్పండి."

టైలరమ్మ నమ్మినట్టు లేదు.

"ఐదు వేసుకో," అంది.

చెప్పింది చెప్పినట్టే రాయాలన్నది వాళ్ళ నియమమట.

అమ్మాయి రాసుకుంది.