హైమావతి మేడమ్‌కు సిఫారసు

ఏడాది మధ్యలో ఉద్యోగం మానేస్తున్నందుకు చీవాట్లు తప్పవనుకుంటూనే హైమావతి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. భర్తకు నంద్యాల బదిలీ అయింది. అక్కడి స్కూలువాళ్ళు సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు.

"దానికేం భాగ్యమమ్మా, ఇప్పుడే పంపిస్తాను," అన్నాడాయన.

"మరి పిల్లల పాఠాలో సార్?"

"మీరు చెబుతూనే ఉన్నారుగా."

పక్క క్లాసులోంచి ఆమె గొంతే వినిపించింది. గోడ మీది తెరలో కంప్యూటర్ తయారుచేసిన ఆమె రూపం, ఆమె ఎన్నడూ చెప్పని పాఠం చెబుతోంది. పిల్లలు బుద్ధిగా రాసుకుంటున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను ఒక్కరూ తలెత్తి చూడలేదు.

సాయంత్రం నంద్యాల నుంచి ఫోను వచ్చింది.

"ఉత్తరంలో తెర మేడమ్ సంగతి చదివి, ఆమెనే మేమూ తెప్పించుకున్నామండి. మీరు శ్రమపడి రానక్కర్లేదు."

"హైమావతిని నేనండీ," అంది.

"అవునండీ, గొంతు అచ్చం మా మేడమ్‌దే."